తిరిగేది కొత్తది, నిలబడేది తుక్కుది: ఇంటి షెడ్డులో బెల్టు గ్రైండరు

పాత ఇనుప సామాను కొట్టులోకి వెళ్తే ఏది చూసినా ఏదో ఒకదానికి పనికొస్తుందనే అనిపిస్తుంది. అందుకే చాలామంది షెడ్లలో ఇనుము పేరుకుపోతుంది గానీ మిషను మాత్రం తయారవదు. తుక్కుతో పనిముట్లు చేసుకోవడంలో ఒక్క లెక్క గట్టిగా పట్టుకోవాలి: కదలకుండా నిలబడే భాగాలన్నీ తుక్కులో ఏరుకోవచ్చు, తిరిగే భాగాల మీద మాత్రం డబ్బు పెట్టాలి. బెల్టు గ్రైండరు చేస్తే ఈ లెక్క మొదటి రోజే అర్థమవుతుంది. కొడవలి, గొడ్డలి, ఉలి, వంటింటి కత్తి పదును పెట్టడానికీ, వెల్డింగు ముద్దలు చదును చేయడానికీ, కోసిన ముక్కల అంచులు సాపు చేయడానికీ ఇంత పనికొచ్చే మిషను ఇంకోటి ఉండదు. సానరాయి మీద గంట పట్టే పని దీని మీద పది నిమిషాల్లో అయిపోతుంది.

ఇక్కడ చెప్పేది 50 మి.మీ. వెడల్పు, 1830 మి.మీ. చుట్టుకొలత ఉన్న బెల్టుతో నడిచే మిషను గురించి. కత్తులు చేసేవాళ్లు (అంగుళాల్లో) 2 బై 72 అనేది దీన్నే. ముందు బెల్టు కొనండి, ఆ తర్వాతే కొలతలు వేసుకోండి. బెల్టు చేతికి రాకముందే ఫ్రేము వెల్డింగు చేసేసి, తర్వాత ఆ పొడవు బెల్టు తమ ఊళ్లో దొరకడం లేదని తలపట్టుకోవడం మామూలే. మీకు దొరికేది 1220 అయితే 1220కే కట్టండి. లెక్క మారదు, మిషనులో పై చక్రాన్ని మోసే చేయి పొడవు ఒక్కటే మారుతుంది.

మోటరు

1 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటరు చాలు. అర హెచ్‌పీతో పదును పెట్టుకోవచ్చు గానీ ముక్కను గట్టిగా నొక్కితే ఆగిపోతుంది. మిక్సీ మోటరు, కూలరు మోటరు, సెమీ ఆటోమేటిక్ వాషింగు మిషను మోటరు అసలు చూడొద్దు. మిక్సీది ఆగకుండా నడవలేదు, మిగతా రెంటికీ బలం లేదు.

తుక్కులో ఎక్కువగా దొరికేవి నీళ్ల మోనోబ్లాకు పంపుల మోటర్లు. మన 50 హెర్ట్జ్ కరెంటుకు అవి దాదాపు 2880 ఆర్.పి.ఎం. తిరుగుతాయి. పిండిమరలు, కంప్రెసర్ల మోటర్లు చాలావరకు 1440. ఏది తీసుకుంటారో దాన్నిబట్టి బెల్టు వేగం తేలుతుంది. మోటరు మీద 100 మి.మీ. పుల్లీ పెట్టారనుకుందాం. 3.14ను 0.1 మీటరుతో గుణిస్తే ఒక్క చుట్టుకు 31.4 సెం.మీ. బెల్టు కదులుతుంది. 2880తో గుణిస్తే నిమిషానికి 905 మీటర్లు, అంటే సెకనుకు 15 మీటర్లు. 1440 మోటరుకు అదే పుల్లీ పెడితే అందులో సగం, ఏడున్నర. ఉక్కును త్వరగా కోయాలంటే 15 బాగుంటుంది. పదును పెట్టడానికీ, చేయి అలవాటు పడని వాళ్లకూ ఏడున్నరే మంచిది. మొదటి మిషనుకు నా ఓటు 1440కే. తప్పు చేసినా సర్దుకునే సమయం దొరుకుతుంది.

కొట్టులో మోటరును ఎలా చూడాలి? ముందు వాసన చూడండి. కాలిన వార్నిషు వాసన వస్తే వైండింగు పోయినట్టే, రీవైండింగు ఖర్చుతో కలిపితే ఇంకో పాత మోటరే వస్తుంది. షాఫ్టును పైకీ కిందికీ ఊపి చూడండి. కదిలితే బేరింగు పోయింది, అది పెద్ద నష్టమేమీ కాదు, మార్చుకోవచ్చు. కానీ బేరింగు కూర్చునే చోట షాఫ్టే అరిగి ఉంటే వదిలేయండి. తర్వాత సిరీసు బల్బుతో (కరెంటు లైనులో వరసగా కలిపిన బల్బు) ఒక వైరు వైండింగుకూ ఇంకోటి మోటరు బాడీకీ పెట్టి చూడండి. బల్బు కొంచెం మినుకుమన్నా ఆ మోటరు షాకు కొట్టే రకం. కరెంటు ఇస్తే గుర్రుమంటూ తిరగకుండా ఉండి, చేత్తో కొంచెం తిప్పితే అందుకుంటుంటే, చాలాసార్లు అది కెపాసిటరు జబ్బే. కెపాసిటరును ముట్టుకునే ముందు దాని రెండు కాళ్లకూ బల్బు తగిలించి అందులో మిగిలిన చార్జిని ఖాళీ చేయండి.

ఇంకో సంగతి, చాలామంది పట్టించుకోనిది: మోటరు బాడీకి గాలి కంతలు ఉంటే దాన్ని ఈ పనికి వాడొద్దు. గ్రైండింగు ధూళి అంటే సన్నటి ఇనుప రజనే. అది కంతల్లోంచి లోపలికి పోయి వైండింగు మీద పేరుకుని ఒకరోజు షార్టు చేస్తుంది. మొత్తం మూసి ఉండి, వెనక ఫ్యాను బయటినుంచే గాలి కొట్టే రకమే తీసుకోవాలి.

బెల్టు మీకు ఎదురుగా పైనుంచి కిందికి, ముక్కను ఆనించే చిన్న టేబులు వైపు నడవాలి. కింది నుంచి పైకి నడిస్తే ముక్క ఎగిరి మొహానికి వస్తుంది. మోటరు ఎదురు దిక్కుకు తిరుగుతుంటే ఫేజు, న్యూట్రలు మార్చి ప్రయోజనం లేదు, స్టార్టింగు వైండింగు రెండు కొసలూ అటుదిటు మార్చాలి. మోనోబ్లాకు మోటరైతే ఇక్కడొక చిక్కుంది. కొన్నిటిలో నీళ్లను తోసే ఇంపెల్లరు షాఫ్టు మీది మరలోకే బిగుసుకుంటుంది. ఆ మర, పంపు తిరిగే దిక్కులో బిగిసేలా కోసి ఉంటుంది. దిక్కు మార్చి అదే మర మీద పుల్లీ బిగిస్తే నడుస్తూ నడుస్తూ ఊడి వస్తుంది. అలాంటి షాఫ్టుకు మరను నమ్ముకోకుండా, షాఫ్టు మీద చదును అరగదీసి, పుల్లీకి 90 డిగ్రీల తేడాతో తల లేని ఎం6 గ్రబ్ స్క్రూలు రెండు పెట్టాలి.

చక్రాలు: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

మొత్తం మిషనులో నాలుగు చక్రాలు. మోటరు మీద తిప్పే చక్రం ఒకటి, పైన బెల్టును దారిలో పెట్టే చక్రం ఒకటి, ముందు వైపు బెల్టు వెనక ఆనుకునే పలకకు పైనా కిందా చిన్న రోలర్లు రెండు.

తిప్పే చక్రానికి తుక్కులో ఒక వరం ఉంది. పాత పిండిమరలు, రైసు మిల్లుల్లో ఫ్లాటు బెల్టు నడిపిన పోత ఇనుము పుల్లీలు. మోటరు వైపు వాడిన చిన్నవి 4, 5 అంగుళాల్లో దొరుకుతాయి. వాటి అంచుల కంటే నడుము కొంచెం ఎత్తుగా ఉంటుంది, బెల్టు పక్కకు జారకుండా అప్పట్లోనే అలా తీశారు. మనకు కావాల్సిందీ అదే. కొనేముందు దారానికి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. గంటలా మోగితే మంచిది. డబ్ మని మొద్దుగా వినిపిస్తే ఎక్కడో పగులుంది, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. పోత ఇనుము పగుళ్లను మామూలు 6013 వెల్డింగు రాడ్డుతో అతికించి తిప్పాలనే ఆలోచన కూడా వద్దు. చల్లారేటప్పుడు కుట్టు పక్కనే మళ్లీ పగులుతుంది.

పుల్లీ కంత మీ షాఫ్టుకు సరిపోదు, లేతు పని తప్పదు. కొలత కాగితం మీద రాసి పంపకండి, మోటరునే లేతు షాపుకు పట్టుకెళ్లండి. షాఫ్టును అక్కడే వెర్నియరుతో చూసుకుని కంత తీయించండి. బుష్ వేసి కంత తగ్గించాల్సి వస్తే, బుష్ కొట్టాక పైముఖాన్ని కూడా అదే కట్టులో, అంటే లేతు నుంచి విప్పకుండానే, ఒక చిన్న కోత తీయమనండి. పైముఖం ఒకసారి, కంత ఇంకోసారి వేరే కట్టులో తీస్తే రెంటి నడిమధ్యలూ కలవవు. మిషను నడిచినంతసేపూ టేబులు వణుకుతుంటే చాలావరకు కారణం ఇదే.

ప్లైవుడ్డు చక్రం పనికిరాదా అంటే, 1440కి పనికొస్తుంది. 18 మి.మీ. బిళ్లలు మూడు ఫెవికాల్‌తో అతికిస్తే 54 మి.మీ. వెడల్పు వస్తుంది. మోటరుకే బిగించి తిప్పుతూ ఉలితో గుండ్రం చేసుకోవచ్చు. 2880కి మాత్రం వద్దు.

ఇక చిన్న రోలర్లు. ట్రాలీ చక్రాలు, స్కేటింగు చక్రాలు పెడదామని అందరికీ అనిపిస్తుంది. లెక్క చూడండి: మోటరు మీద 100 మి.మీ. చక్రం 2880 తిరిగితే, 47 మి.మీ. రోలరు 6100కు పైగా తిరగాలి. ప్లాస్టిక్ బుష్ మీద నడిచే ట్రాలీ చక్రం ఆ వేగానికి అయిదు నిమిషాల్లో కరిగి ఇరుసుకు అంటుకుంటుంది.

లేతుతో పని లేకుండా రోలరు చేసుకునే ఉపాయం ఒకటుంది. 6204 బేరింగు కొలతలు 20, 47, 14. అంటే లోపలి కంత 20, బయటి వ్యాసం 47, మందం 14 మి.మీ. అలాంటివి నాలుగు 20 మి.మీ. బ్రైటు బారు (నునుపైన ఉక్కు కడ్డీ) మీద పక్కపక్కన ఎక్కిస్తే 56 మి.మీ. వెడల్పు రోలరు తయారు. బెల్టు నేరుగా బేరింగుల బయటి రింగుల మీదే నడుస్తుంది. బేరింగుకూ బేరింగుకూ మధ్య 20 మి.మీ. కంత ఉన్న అర మి.మీ. పలుచటి వాషరు వేయండి, అదీ లోపలి రింగుకు మాత్రమే తగిలేలా. అది లేకపోతే పక్కపక్క బయటి రింగులు రాసుకుని వేడెక్కుతాయి. చివర నట్టు కింద పెట్టే వాషరు కూడా లోపలి రింగు దాటి బయటికి రాకూడదు. రెండు రోలర్లకు ఎనిమిది బేరింగులు. నైలాను రాడ్డు తెచ్చి లేతు మీద తీయించుకునే వీలుంటే ఒక్కో రోలరుకు రెండే చాలు. రెండు ఖర్చులూ అడిగి తేల్చుకోండి.

బేరింగులు రబ్బరు సీలు ఉన్న 2ఆర్‌ఎస్ రకం కొనండి. రేకు మూత ఉన్న జడ్‌జడ్ రకంలో సందు ఉంటుంది, ఇనుప రజను అందులోకి దూరుతుంది. తుక్కు కొట్టులో బేరింగులు కిలోల్లెక్కన ఇస్తానంటే ఆశపడకండి. కిరోసినులో కడిగి, ఆరబెట్టి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూస్తే గరగర వినిపిస్తుంది. కొట్టులో గ్రీజు ముద్ద లోపలున్నప్పుడు అది వినిపించదు. కడిగిన బేరింగును కంప్రెసరు గాలితో గిర్రున తిప్పడం సరదాగా ఉంటుంది గానీ, గ్రీజు లేకుండా ఆ వేగానికి పగిలిందంటే ముక్కలు కళ్లల్లోకి వస్తాయి.

పై చక్రం 75 మి.మీ. వ్యాసం, 56 వెడల్పు, నైలానుది గానీ అల్యూమినియంది గానీ. దీనికి మాత్రం లేతు కావాలి. నడుము అంచుల కంటే అర మి.మీ. నుంచి ఒక మి.మీ. దాకా ఎత్తుండాలి. బెల్టు ఎప్పుడూ ఎక్కువ వ్యాసం ఉన్న వైపుకే ఎక్కుతుంది, నడుము ఎత్తుగా ఉంటే నడుముకే వచ్చి నిలబడుతుంది. అంతకంటే ఎక్కువ పెంచితే బెల్టు నడుము ఉబ్బి, అంచులు వదులుగా కొట్టుకుంటాయి. రెండు పక్కలా 6202 బేరింగులకు 35 మి.మీ. వ్యాసం, 11 మి.మీ. లోతు గూళ్లు తీయించండి. మధ్యలో 34 మి.మీ. మిగులుతుంది. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు: రెండు బేరింగుల లోపలి రింగుల మధ్య ఇరుసు మీద ఒక పైపు ముక్క ఉండాలి. దాని పొడవు 34 కంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉండొచ్చు, తక్కువ మాత్రం కాకూడదు. ఆ ముక్క లేకుండా నట్టు బిగిస్తే రెండు లోపలి రింగులూ ఒకదానివైపు ఇంకోటి లాగబడి, బేరింగు లోపలి ఉక్కు గుళ్లు పక్కవాటుగా ఒత్తుకుపోతాయి. నట్టు వదులు చేస్తే చక్రం ఊగుతుంది, బిగిస్తే బిగుసుకుంటుంది. కొత్త బేరింగులు వారంలో పోయాయని కొట్టువాణ్ణి తిట్టేవాళ్లలో సగం మంది ఈ ముక్క మరిచిపోయినవాళ్లే.

ఫ్రేము, ఇక అంతా తుక్కే

హైదరాబాదులో ఉన్నవాళ్లకు రాణిగంజ్‌లో కొత్త బేరింగులు, బోల్టులు, బెల్టులు దొరుకుతాయి. ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్‌లో పాత పనిముట్లు తగులుతాయి. విజయవాడ వాళ్లకు ఆటోనగర్ ఒక్కటే చాలు. ఇనుము తూకం మీద కొంటారు కాబట్టి బరువు లెక్క చేతిలో ఉండాలి. పలకకు పొడవు, వెడల్పు మీటర్లలో, మందం మి.మీ.లో గుణించి 7.85తో హెచ్చించండి. గుండ్రటి కడ్డీకైతే వ్యాసం మి.మీ.లో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి, ఇల్లు కట్టే మేస్త్రీలందరికీ నోటికి వచ్చిన లెక్కే. మిషను అడుగున వేసే 300, 450, 10 మి.మీ. పలక అయితే 10.6 కిలోలు. ఇంతకంటే తేలిక పలక వేయకండి, మిషను టేబులు మీద నడక మొదలుపెడుతుంది.

ఏరుకోవాల్సినవి: ఆ పలక, 40 మి.మీ. చదరపు పైపు 3 మి.మీ. మందంతో మీటరున్నర, 6 మి.మీ. ఫ్లాటు అర మీటరు, లారీ కమాను పట్టీ 250 మి.మీ. ముక్క, ఒక బలమైన గేటు బందు, బైకు సైడు స్టాండు స్ప్రింగు ఒకటి. చదరపు పైపులు తుప్పు పట్టి ఉంటే ఇబ్బంది లేదు, మెలి తిరిగి ఉంటే వద్దు. రెండు కొసలూ ఒక చదును నేల మీద పెట్టి చూస్తే మెలిక వెంటనే తెలుస్తుంది. పాత జీఐ పైపులు వెల్డింగు చేయాల్సి వస్తే కుట్టు చుట్టూ రెండు అంగుళాల మేర జింకు పూత గ్రైండరుతో తీసేసి, గాలి ఆడే చోట చేయండి. ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి జ్వరం, వణుకు వస్తాయి. పాలు తాగితే పోతుందనేది నమ్మకమే తప్ప మందు కాదు. మూతి మూసి ఉన్న డ్రమ్ములు, పాత షాకబ్జార్బర్లు, కారు డిక్కీ గ్యాసు రాడ్లు కోయడం గానీ వెల్డు చేయడం గానీ ఎప్పుడూ వద్దు, లోపల ఒత్తిడో, మిగిలిన ఆవిరో ఉంటుంది.

చదును కోసం సర్ఫేసు ప్లేటు ఎక్కడ తేవాలని బెంగ అక్కర్లేదు. వంటగట్టుకు కోసి మిగిలిన పాలిషు గ్రానైటు ముక్క ఈ పనికి భేషుగ్గా సరిపోతుంది. దాని మీద పెట్టి కొలవండి, వెల్డింగు మాత్రం దాని మీద చేయకండి. వేడికి రాయి పెచ్చులు లేస్తుంది.

కొలతలకు డ్రాయింగు కంటే అట్టముక్క మంచిది. పెద్ద అట్ట మీద నాలుగు చక్రాల సైజులో గుండ్రాలు కోసి పెట్టి, వాటి చుట్టూ అసలు బెల్టునే చుట్టి, గుండుసూదులతో నిలబెట్టండి. పలక రోలర్ల మధ్య దూరం 230 దగ్గర పెట్టుకుని, మోటరు చక్రాన్నీ పై చక్రాన్నీ జరుపుతూ బెల్టు బిగువు అయ్యేదాకా సర్దండి. పై చక్రం చేయి అటు 20, ఇటు 20 మి.మీ. కదిలేంత సందు వదలండి. ఒకే సైజు అని అమ్మే బెల్టుల్లో కూడా నాలుగైదు మి.మీ. తేడా ఉంటుంది, పైగా బెల్టు మార్చాలంటే చేయి కిందికి నొక్కాలి కదా.

వెల్డింగుకు 3 మి.మీ. పైపు మీద 2.5 మి.మీ. 6013 రాడ్డు, 70 నుంచి 80 ఆంపియర్లు. అడుగు పలక మీద 3.15 రాడ్డు, 110 దాకా. ముందు నాలుగు మూలలా చుక్కలు మాత్రమే పెట్టి, మూలమట్టంతో చూసి, ఆ తర్వాత ఎదురెదురు పక్కలు మార్చి మార్చి కుట్టండి. ఒక పక్కే పూర్తిగా కుట్టేస్తే చల్లారేటప్పుడు కుట్టు తన వైపుకు లాగుతుంది. 300 మి.మీ. నిలువు కమ్మీ పై కొస 2 మి.మీ. దాకా వంగిపోవడం మామూలే, అంత వంగితే బెల్టు ఎప్పటికీ దారిలో ఉండదు. వెల్డింగు చేసేటప్పుడు మోటరు, బేరింగులు మిషను మీద ఉండకూడదు. ఎర్తు క్లాంపు ఒక చోట, రాడ్డు ఇంకో చోట ఉండి మధ్యలో బేరింగు ఉంటే కరెంటు గుళ్ల మీదుగానే పోతుంది. గుళ్ల మీదా రింగుల మీదా కంటికి కనబడని గుంటలు పడతాయి. కొత్త బేరింగు కూడా ఆ రోజు నుంచే రొద పెడుతుంది.

వానాకాలంలో రాడ్డు చెమ్మ పడితే కుట్టు నిండా పొక్కులు వస్తాయి. ఒవెనులో నూరు డిగ్రీల పైన గంటసేపు ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి.

దారిలో పెట్టే బందు

పై చక్రం ఇరుసు కొస పైకీ కిందికీ ఊగాలి, ముందుకూ వెనక్కీ కాదు. బందు మేకు మిషనుకు ముందు నుంచి వెనక్కి ఉండేలా పెడితే ఆ ఊపు వస్తుంది. బందు ఒక రెక్క చేయికి, ఇంకో రెక్క ఇరుసుకు వెల్డు చేయండి. మేకుకు 40 మి.మీ. దూరంలో ఒక ఎం8 బోల్టు ఆ రెక్కను తోస్తూ ఉంటుంది. తలుపుల కొట్లో దొరికే పలుచటి బందు వద్దు, గేటు బందు కావాలి. అందులో కూడా మేకు వదులుగా ఉంటే గుండ్రాలను సుత్తితో మెల్లగా కొట్టి బిగువు చేయండి. ఇక్కడ అర మి.మీ. వదులుంటే బెల్టు పాములా అటూ ఇటూ పాకుతుంది.

బోల్టు ఎంత తిప్పాలో తెలియకపోతే బెల్టు గాల్లోకి ఎగిరిపోతుంది. ఎం8 మర ఒక చుట్టుకు 1.25 మి.మీ. కదులుతుంది. 40 మి.మీ. దూరంలో 1.25 అంటే ఇంచుమించు 1.8 డిగ్రీలు. బెల్టుకు అది చాలా ఎక్కువ. నడుస్తున్నప్పుడు పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకూడదు. తిప్పి, రెండు సెకన్లు ఆగి, బెల్టు ఎటు పోతుందో చూసి మళ్లీ తిప్పాలి. బోల్టు తలకు ఒక పెద్ద పాత కుళాయి పిడి వెల్డు చేసుకుంటే వేళ్లకు హాయి.

బిగువు ఇచ్చే స్ప్రింగు చేయిని పైకి తోసినా, వెనక కొసను కిందికి లాగినా ఒకటే. స్టాండు స్ప్రింగు లాగే రకం కాబట్టి కొక్కెం వెనక వైపు పెట్టండి. ముక్క గట్టిగా నొక్కినప్పుడు మోటరు తిరుగుతూ బెల్టు ఆగిపోతే బిగువు చాలలేదు, కొక్కేన్ని చేయి ఊగే ఇరుసుకు ఇంకొంచెం దూరం జరపాలి.

బెల్టు వెనక పలకకు మైల్డ్ స్టీలు ఫ్లాటు వాడితే నెలలోనే మధ్యలో పల్లం పడుతుంది, ఆ తర్వాత మీ కత్తులన్నీ ఉబ్బెత్తుగా వస్తాయి. అందుకే కమాను పట్టీ. దాన్ని వెల్డు చేయకూడదు, ఎక్కువ కార్బను వల్ల కుట్టు పక్కనే పెళుసై విరుగుతుంది. డ్రిల్లు కూడా దిగదు. కంతలు పడాల్సిన చోట మాత్రం ఎర్రగా కాల్చి బూడిదలో పెట్టి చల్లార్చి, తర్వాత 8.5 మి.మీ. కంతలు తీసి బోల్టు తలలు లోపలికి దిగేలా చేయాలి. పట్టీకి పుట్టుకతో వంపు ఉంటుంది, తక్కువ వంపున్న కొస ఏరుకోండి, ముఖాన్ని గ్రైండరుతో చదును చేసి గ్రానైటు మీద చూసుకోండి. ఈ ముఖం రెండు రోలర్ల గీత కంటే ఒకటిన్నర, రెండు మి.మీ. ముందుకు ఉండాలి. వెనక్కి ఉంటే బెల్టు గాల్లో ఊగుతుంది. మరీ ముందుకుంటే పలక అంచుల దగ్గర బెల్టు తెగుతుంది. ఆ రెండు అంచులూ ఆకురాయితో గుండ్రం చేయండి.

స్విచ్చి

పాత బోరు స్టార్టరు తుక్కులో దొరికితే పట్టుకోండి. పచ్చ, ఎర్ర బటన్లున్న స్టార్టరు కరెంటు పోతే వదిలేస్తుంది, తిరిగి వచ్చాక మళ్లీ నొక్కితే గానీ అందుకోదు. మామూలు స్విచ్చి అలా కాదు. మీరు బెల్టు మారుస్తుండగా కరెంటు వస్తే వేళ్లు పోతాయి. పొలాల్లో బిగించే ఆటో స్టార్టరు మాత్రం ఈ మిషనుకు మృత్యువే, కరెంటు రాగానే తనంతట తానే నడిపించడం దాని పని. త్రీ ఫేజు స్టార్టరు కాయిలు చాలావరకు 415 వోల్టులది, 230కి అందుకోదు. కాయిలు మీద రాసింది చదివి, అవసరమైతే కాయిలు ఒక్కటే 230ది మార్చండి. ఎర్తు వైరు ఫ్రేముకూ మోటరుకూ రెంటికీ బోల్టుతో బిగించాలి, పెయింటు గీకి.

మొదటి పరుగు

బెల్టు వెనక రాసిన బాణం గుర్తు తిరిగే దిక్కులో ఉందో లేదో చూసి ఎక్కించండి. ప్లగ్గు పీకి, చేత్తో పది చుట్లు తిప్పండి. బెల్టు నడుము మీద నిలిచేదాకా బందు బోల్టు సర్దండి. ఆ తర్వాత బెల్టు తిరిగే వరసలో కాకుండా పక్కన నిలబడి, బటన్ నొక్కి ఒక్క క్షణంలో ఆపండి. మూడు నాలుగు సార్లు అలా చేసి, ఇక పది నిమిషాలు ఖాళీగా నడపండి. తర్వాత మిషను ఆపి ప్రతి బేరింగునూ ముట్టుకోండి. వేలు పెట్టలేనంత వేడి ఉంటే నట్టు వాషరు బయటి రింగును నొక్కుతోందన్నమాట.

బెల్టు నడుము మీదే ఉండి టక్ టక్ మంటుంటే అది అతుకు శబ్దం, భయం లేదు. ఎంత సర్దినా ఒకే పక్కకు పోతుంటే చక్రాలు ఒకే వరసలో లేవు. మోటరు చక్రం అంచు నుంచి రోలరు అంచుకు ఒక తిన్నని కమ్మీ పెట్టి చూడండి, అర మి.మీ. తేడా ఉన్నా మోటరు కాళ్ల కింద రేకు ముక్కలు పెట్టి సర్దాలి. మిషను మొత్తం వణుకుతుంటే బెల్టు తీసేసి నడపండి. అప్పుడూ వణికితే మోటరు చక్రం, లేకపోతే పై చక్రం.

ముక్కను ఆనించే టేబులుకూ బెల్టుకూ సందు 2 మి.మీ. అంతకంటే ఎక్కువైతే సన్నటి కత్తి కొస అందులోకి దూరి లాక్కుపోతుంది. చేతికి గ్లౌజులు వద్దు, కళ్లద్దాలూ ముక్కుకు మాస్కూ తప్పనిసరి. లుంగీతోనో, మెడలో తువాలుతోనో దీని ముందు నిలబడొద్దు. కింద నీళ్ల బకెట్టు పెడితే నిప్పురవ్వలు అందులో పడతాయి, పదును పెట్టే కొడవలిని ముంచడానికీ పనికొస్తుంది. వేలికి చురుక్కుమంటే ముంచండి, నీలం రంగు వచ్చిందంటే అక్కడ పదును నిలవదు, ఆ నీలం పోయేదాకా అరగదీయడమే దారి. చెక్క రుద్దే ముందు ఇనుప రవ్వల పొడి అంతా తుడవండి, రంపపు పొట్టు నిప్పు అందుకుంటుంది. అల్యూమినియం, ఇనుము పొడులు కలిసి పేరుకోనివ్వకండి. ఆ రెండూ కలిసిన కుప్ప మీద నిప్పురవ్వ పడితే నీళ్లతో ఆర్పే మంట కాదు అది.

బెల్టు గరుకును చెప్పే గింజ నంబరు లెక్కకొస్తే, ముందు 60, తర్వాత 120, పదునుకు 240, వంటింటి కత్తికి చివర 400. మొద్దుబారిన 60 బెల్టును పారేయకండి, వెల్డింగు ముద్దలకు ఇంకా నెల వస్తుంది. మిగిలిన బెల్టుల్ని మేకుకు వేలాడదీస్తే మేకు దగ్గర మడత పడి, అక్కడే తెగుతాయి. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కను గోడకు బిగించి దాని మీద వేయండి. వానాకాలంలో చెమ్మ తగలని చోట ఉంచండి, లేకపోతే అతుకు జిగురు వదిలేసి ఎక్కించిన మొదటి నిమిషంలోనే ఊడుతుంది.